పెళ్ళి ఫోటోలు ఎవరి చోటులో ఉన్నాయి?



ఇంట్లో పెళ్ళయి బంధువులంతా వెళ్ళిపోయాక మనం ఎదురుచూసేది ఫోటోల కోసమే కదూ! వెనకటి రోజుల్లో స్టూడియో అతను ఆల్బం తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు ఆల్బంతోపాటు ఫోనుకి ఒక లింకు కూడా పంపుతున్నాడు. “ఫోటోలన్నీ క్లౌడులో పెట్టానండీ, చూసుకోండి” అంటాడు. నొక్కగానే వధూవరులు ప్రత్యక్షం! మనం మురిసిపోయి, ఆ లింకే ఆడపడుచుకీ, అమెరికాలో ఉన్న చెల్లెలికీ పంపించి, పనైపోయిందనుకుంటాం.

అసలు పని అప్పుడే మొదలవుతుంది సుమండీ.

క్లౌడు అంటే మేఘం. పేరుకి మేఘమే గాని ఫోటోలుండేది నేలమీదే. గూగుల్ వంటి కంపెనీలవారు పెద్ద పెద్ద భవనాల్లో రాత్రింబవళ్ళు కంప్యూటర్లు నడుపుతూ, వాటిలో మనకి కొంత చోటిస్తారు. ఆ చోటు ఎవరి పేరున ఉంది అన్నదే మనం చూసుకోవలసిన సంగతి. ఫోటోగ్రాఫరు పంపిన లింకు అతని చోటుకి దారి మాత్రమే. కొత్త పెళ్ళిళ్ళ ఫోటోలకి జాగా కావాలని అతను పాతవి తీసేస్తే, మన దారి ఉత్త గోడ దగ్గరికి పోతుంది.

మా వీధిలో ఒకావిడకి అలాగే జరిగింది. కూతురి పెళ్ళయిన రెండో ఏట మామగారు పోయారు. పటం కట్టించడానికి, పెళ్ళిలో ఆయన ఒక్కరూ నవ్వుతూ దిగిన ఫోటో కావలసివచ్చింది. లింకు తెరిస్తే ఏమీ లేదు. ఆల్బంలో ఆయన గుంపులో వెనకవరసలో ఉన్నారు. చివరికి ఎవరి వాట్సాప్‌లోనో ఆ ఫోటో దొరికింది గాని, పెద్దది చేయిస్తే మొహమంతా అలుక్కుపోయింది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది. అసలు సైజులో పంపాలంటే ‘డాక్యుమెంట్’గా పంపాలి.

కాబట్టి లింకు రాగానే ఫోటోలు డౌన్‌లోడ్ చేసి మన దగ్గరికి తెచ్చుకోవాలి. గూగుల్ డ్రైవ్‌లో ‘షార్ట్‌కట్’ పెట్టుకుంటే చాలదా అంటారేమో. అది కూడా దారి గుర్తే, ఫోటో కాదు.

ఇక చోటు లెక్క చూద్దాం. ఫోటోకి 10 ఎంబీ చొప్పున వేసుకుంటే 2,000 ఫోటోలకి 20 జీబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే మన ఈమెయిళ్ళూ ఉంటాయి. అది నిండితే కొత్త మెయిళ్ళు రావడమూ ఆగిపోతుంది. 2015లో గూగుల్ ఫోటోస్ వచ్చినప్పుడు, కాస్త సైజు తగ్గించి ఎన్నయినా ఉచితంగా దాచుకోమన్నారు. 2021 జూన్ 1 నుంచి ఆ సదుపాయం తీసేశారు. ఊరికే వచ్చే చోటు ఎన్నాళ్ళుంటుందో ఇచ్చేవాళ్ళ ఇష్టం. ఒక పట్టుచీర ఖరీదులో కొద్ది భాగం ఏటా ఇందుకు పోతే నష్టమేమీ లేదని నేనంటాను. మావారు ఒప్పుకోరనుకోండి!

డబ్బు కట్టినా అంతా ఒక్కచోటే పెట్టకండి. అమెరికా ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ అనే ఆయన తన తోటి ఫోటోగ్రాఫర్లకి ఒక పద్ధతి చెప్పారు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి దూరంగా. మన ఇంటికీ ఇది బాగా అమరుతుంది. కంప్యూటరులో ఒకటి, బీరువాలో హార్డ్ డిస్కు మీద ఒకటి, క్లౌడులో ఒకటి. ఇంట్లోకి వరదనీరు వచ్చినా క్లౌడులోది మిగులుతుంది. క్లౌడు ఖాతా పోయినా బీరువాలోది ఉంటుంది.

ఇంకొకటి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోని, ఫోనులో జాగా లేదని ఆ యాప్‌లోంచే ‘డిలీట్’ కొట్టారో, క్లౌడులోదీ పోతుంది. 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది గనుక ఆలోగా తెలుసుకుంటే తిరిగి తెచ్చుకోవచ్చు. ఫోను మాత్రమే ఖాళీ కావాలంటే అందులోనే ‘ఫ్రీ అప్ స్పేస్’ అని వేరే ఉంది, అది నొక్కాలి.

బంధువులకి మన ఆల్బం చూపించేటప్పుడు, లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడవచ్చు అని పెట్టేస్తే, అది చేతులు మారి ఎంతదూరం పోతుందో మనకి తెలియదు. ఆడపిల్లల ఫోటోలున్నాయి కదా! చూడవలసినవాళ్ళ ఈమెయిలు అడిగి వాళ్ళకి మాత్రమే ఇవ్వండి. అందరూ చూశాక మూసేయండి.

ఖాతా అబ్బాయి పేరున, పాస్‌వర్డు అబ్బాయి బుర్రలో ఉండే ఇళ్ళే ఎక్కువ. పాస్‌వర్డు కాగితం మీద రాసి, నగలపెట్టెలో పెట్టుకోండి. ఫోను నంబరు మారితే ఖాతాలోనూ మార్చండి, లేకపోతే కోడు పాత నంబరుకే పోతుంది. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని ఖాతాని గూగుల్‌వారు తీసివేయవచ్చు. పండక్కో పబ్బానికో ఒకసారి తెరిచి ఫోటోలు చూసుకుంటూ ఉంటే ఆ భయమూ లేదు.

ఈ మాఘంలో ఇంట్లో పెళ్ళి తలపెట్టినవారు, ఫోటోగ్రాఫరుకి అడ్వాన్సు ఇచ్చేముందే అడగండి: లింకు ఎన్ని నెలలుంచుతారు? ఫోటోలన్నీ పూర్తి సైజులో ఇస్తారా? తీసేసేముందు కబురు చేస్తారా? ఆయన చెప్పిన జవాబులు రసీదు మీదే రాయించుకోండి.