ఆ డూప్లికేట్ వీడియో గేమ్‌ని కాపాడాల్సింది మనమే

ఇవాళ్టి టాపిక్ వీడియో గేమ్. ఫోన్‌లో ఆడే ఫ్రీ ఫైర్ సంగతి కాదు. టీవీ వెనక వైరు గుచ్చి, పసుపు రంగు క్యాసెట్ పెట్టి ఆడిన గేమ్. మీలో చాలామంది దాన్ని ఆడి ఉండరు. మీ అన్ననో, మేనమామనో అడిగి చూడండి. నల్గొండ అయినా, పాలమూరు అయినా, 90లలో పెరిగినోళ్ల ముందు "కాంట్రా" అన్న మాట అంటే చాలు, కూర్చోబెట్టి గంటసేపు చెప్తారు.

మన దేశంలో ఆ డబ్బా ఎక్కువగా "లిటిల్ మాస్టర్" అనే పేరుతో వచ్చేది. మీడియా అనే కంపెనీ అమ్మేది. అది కాక, పేరూ ఊరూ లేని డబ్బాలు కూడా మస్తు వచ్చినయి. పైన బొమ్మ ఏది ఉన్నా లోపల మిషన్ ఒకటే. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలైలో విడుదల చేసిన ఫామికామ్‌కి నకలు. అందుకే మనోళ్లు దాన్ని "డూప్లికేట్" అనేవారు.

నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పేది ఒక్కటే ముచ్చట. ఒరిజినల్ ఫామికామ్‌ని కాపాడటానికి ప్రపంచంలో చాలామంది ఉన్నారు. మ్యూజియంలు ఉన్నాయి, కలెక్టర్లు ఉన్నారు. మన ఇండ్లలోకి వచ్చిన ఆ డూప్లికేట్‌ని కాపాడేటోళ్లు తక్కువ. అది మన అటకల మీద ఉంది. దాన్ని మళ్లీ పుట్టించే పనిముట్టు ఇప్పుడు చవకగా దొరుకుతుంది. ఎట్లనో చూద్దాం.

ముందు లోపల ఏముందో చెప్తా. పోయిన ఎండాకాలం నా దగ్గరికి రెండు డబ్బాలు వచ్చినయి. ఒకటి దేవరకొండ నుంచి, ఒకటి జడ్చర్ల నుంచి. రెండూ విప్పినం.

దేవరకొండ డబ్బాలో నలభై కాళ్ల చిప్పులు రెండు కనపడ్డయి. ఒకటి సీపీయూ, లెక్కలు చేసేది, సౌండ్ కూడా అదే ఇస్తుంది. రెండోది పీపీయూ, అంటే బొమ్మ గీసేది. వాటి పక్కన రెండు చిన్న మెమొరీ చిప్పులు, ఒక్కోటి 2 కిలోబైట్లు. మెగాబైట్లు కాదు, కిలోబైట్లే. వాట్సాప్‌లో పంపే ఒక ఫొటో కూడా అందులో పట్టదు. అంత మెమొరీ మీదనే మారియో దుంకిండు.

ఆ డబ్బాలో బొమ్మ వస్తుండె గానీ, గోడలు, మబ్బులు అన్నీ చెదిరిపోయి వస్తుండె. పీపీయూ పక్కన ఉన్న మెమొరీ పోయింది. దాని నంబర్ 6116. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి పోయి వెతికితే అది దొరికింది. మార్చినం, డబ్బా లేచి కూర్చుంది.

జడ్చర్ల డబ్బా కథ వేరే. దాన్ని విప్పితే చిప్పే కనపడలేదు. బోర్డు నడుమ రూపాయి బిళ్లంత నల్లటి జిగురు బొట్టు ఉంది, అంతే. సీపీయూ, పీపీయూ రెండింటినీ ఒకే చిప్పులోకి తెచ్చి, దాన్ని సీదా బోర్డుకే అంటించి, పైన ఎపాక్సీ పోసేస్తారు. ఖర్చు బాగా తగ్గుతుంది. అందుకే ఆ గేమ్ జాతరలో బొమ్మల కొట్టు దాకా వచ్చింది. కానీ ఆ బొట్టు కింద చిప్పు పోతే రిపేర్ లేదు. ఎవరు చేసిన్రు, ఏం నంబరు, ఏదీ తెలవదు. మాన్యువల్ లేదు, స్పేర్ లేదు. పాత సామాన్లాయనకు వేసుడే.

ఇక్కడ ఒక ప్రశ్న. పోతే పోనీ, ఫోన్‌లో ఎమ్యులేటర్ ఉంది కదా, దాంట్లో ఆడితే అయిపాయె కదా అన్నా? సరైన ప్రశ్నే. గేమ్ ఆడటానికి ఎమ్యులేటర్ చాలు. నేను కూడా బస్సులో అదే ఆడుతా. కానీ ఎమ్యులేటర్ సాధారణంగా చూపించేది జపాన్, అమెరికా మిషన్‌ని. మన డబ్బా అచ్చం దాని లెక్క నడవలేదు.

ఎందుకో జాగ్రత్తగా వినండి, ఈ ఎపిసోడ్‌కి అసలు ముచ్చట ఇదే. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు దాదాపు 60 సార్లు బొమ్మ గీసేవి. ఒక్కో బొమ్మకు 262 గీతలు. మన దూరదర్శన్ పద్ధతి పాల్. సెకనుకు 50 సార్లు, ఫామికామ్ లాంటి మిషన్‌లో బొమ్మకు 312 గీతలు. అంటే ప్రతి బొమ్మకు 50 గీతలు ఎక్కువ.

గేమ్‌కి దీంతో ఏం పని? ఫామికామ్‌లో గేమ్ మొత్తం టీవీ గీతలను లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. బొమ్మ గీసుడు అయిపోగానే పీపీయూ సీపీయూని లేపుతుంది, "ఇగ నీ పని చేస్కో" అని. జపాన్ మిషన్‌లో అట్ల లేపినాక 20 గీతలంత టైం దొరుకుతుంది. ఆ సందులోనే గేమ్ తర్వాతి బొమ్మకు సామాను సర్దాలి. కొన్ని గేములు ఇంకా ముందుకు పోయి, లేపిన క్షణం నుంచి లెక్కపెట్టి, సరిగ్గా ఫలానా గీత కాడ స్క్రీన్‌ను రెండు ముక్కలు చేస్తాయి. పైన స్కోరు కదలదు, కింద రోడ్డు కదులుతుంది. అదంతా టైమింగ్.

యూరప్ కోసం నింటెండో చేసిన పాల్ మిషన్‌లో సీపీయూని లేపినాక 20 గీతల బదులు 70 గీతలు ఉంటాయి. జపాన్ క్యాసెట్ పెడితే లెక్క తప్పుతుంది. అక్కడ పర్వాలేదు, ఎందుకంటే యూరప్‌కు వేరే క్యాసెట్లు చేసి అమ్మిన్రు. మన దగ్గరికి వచ్చినవి చాలావరకు జపాన్ గేముల నకళ్లే. మరి నడిచినయి ఎట్ల?

తైవాన్‌లో యూఎంసీ అనే చిప్ కంపెనీ ఉంది. పాల్ దేశాల క్లోన్ల కోసం అది యూఏ6538 అనే పీపీయూ చేసింది. అందులో ఒక ఉపాయం పెట్టిన్రు. ఆ ఎక్కువ 50 గీతలను సీపీయూని లేపక ముందే ఖాళీగా గడిపేస్తారు. ఆ తర్వాత లేపుతారు. అప్పుడు గేమ్‌కి మళ్లీ సరిగ్గా 20 గీతలే దొరుకుతాయి. గేమ్ తాను జపాన్‌లోనే ఉన్నా అనుకుంటుంది, టీవీ ఏమో మనదే. రెండూ ఖుషీ.

మనం డూప్లికేట్ అని తక్కువ చేసి చూసిన దాంట్లో ఒక ఇంజనీర్ తెలివి అంత ఉంది. ఆయన పేరు డబ్బా మీద లేదు, పెట్టె మీద లేదు.

దీనికి ఇంకో ఫలితం కూడా ఉంది. గేమ్ 60కి రాసింది, నడిచింది 50కి. అంటే అట్లాంటి డబ్బాల్లో మారియో జపాన్ మారియో కన్నా ఆరో వంతు నెమ్మదిగా ఉరికిండు. సౌండ్ కూడా అంతే. కొన్ని క్లోన్ చిప్పుల్లో సౌండ్ తరంగాల ఆకారం రెండు చోట్ల అటుదిటు అయింది, అందుకే పాట అదే ఉన్నా గొంతు వేరే ఉంటుంది. ఇప్పుడు యూట్యూబ్‌లో ఒరిజినల్ సౌండ్ వింటే మీ అన్న "గిట్ల లేకుండె కదా" అంటే, ఆయన చెవులకు ఏం కాలేదు. ఆయన విన్న మిషన్ వేరే.

ఇప్పుడు మళ్లీ పుట్టించే ముచ్చటకు వద్దాం. ప్రోగ్రామబుల్ చిప్, అంటే ఎఫ్‌పీజీఏ. మామూలు చిప్పు ఒక పని కోసమే పుడుతుంది. ఎఫ్‌పీజీఏ అట్ల కాదు. అందులో వేల సంఖ్యలో చిన్న చిన్న పట్టికలు ఉంటాయి. ఒక్కో పట్టికకు నాలుగు వైర్లు లోపలికి, ఒకటి బయటికి అనుకోండి. నాలుగు వైర్లకు 16 రకాల కాంబినేషన్లు. దేనికి ఒకటి రావాలి, దేనికి సున్నా రావాలి అని మనమే నింపుతాం. ఆ పట్టికల నడుమ వైర్ల దారి కూడా మనమే చెప్తాం.

పోచంపల్లి మగ్గం చూసినోళ్లకు ఇది తొందరగా అర్థమైతుంది. మగ్గం అదే. నేసే ముందు దారానికి ముడులు ఎక్కడ కట్టి రంగు అద్దినరో, దాన్ని బట్టి డిజైన్ వస్తుంది. ముడులు మారిస్తే చీర మారుతుంది. ఎఫ్‌పీజీఏ కూడా ఈ పూట ఫామికామ్, రేపు ఇంకో మిషన్.

ఎమ్యులేటర్‌కీ దీనికీ తేడా ఏందంటే, ఎమ్యులేటర్‌లో ఫోన్ సీపీయూ ఒక ప్రోగ్రాం నడిపి, పాత మిషన్ ఏం చేసేదో ఒకదాని తర్వాత ఒకటి లెక్కగడుతుంది. ఎఫ్‌పీజీఏలో ఆ సర్క్యూటే తయారైతది, సీపీయూ, పీపీయూ రెండూ నిజంగానే ఒకేసారి నడుస్తాయి. కానీ ఒక మాట. ఎఫ్‌పీజీఏ అనంగానే అచ్చం ఒరిజినల్ అని నమ్మకండి. రాసినాయన ఎంత అర్థం చేసుకుంటే అంతే కరెక్టుగా వస్తుంది. మంచి ఎమ్యులేటర్ చెడ్డ ఎఫ్‌పీజీఏ డిజైన్ కన్నా నయం.

అర్థం చేసుకోవడానికి జనం ఎంత కష్టపడ్డరో చూడండి. ఫామికామ్ సీపీయూకి మూలం 1975లో వచ్చిన 6502 అనే చిప్పు. 2010లో విజువల్ 6502 అనే ప్రాజెక్టు వాళ్లు ఆ చిప్పు మూత తీసి, మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసి, ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటి గుర్తుపట్టి, బ్రౌజర్‌లో నడిచేటట్టు పెట్టిన్రు. ఆ తర్వాత ఫామికామ్ చిప్పులకు కూడా అదే పని జరిగింది. లుడ్విగ్ స్ట్రిగేయస్ అని స్వీడన్ ప్రోగ్రామర్, మ్యూటొరెంట్ రాసిన ఆయనే, మొత్తం ఎన్ఈఎస్‌ని ఎఫ్‌పీజీఏ కోసం రాసి అందరికీ ఇచ్చేసిండు. ఎన్ఈఎస్ అంటే ఫామికామ్ అమెరికా పేరు. ఆయన పని మీదనే ఇప్పటి మిస్టర్ అనే ప్రాజెక్టులో ఎన్ఈఎస్ కోర్ నిలబడింది. ఆ కోర్‌లో సిస్టం టైప్ కాడ మూడు పేర్లు కనపడతాయి. అమెరికా-జపాన్ పద్ధతి, పాల్, మూడోది డెండీ. డెండీ అనేది రష్యాలో అమ్మిన క్లోన్. ఇందాక చెప్పిన 50 గీతల ఉపాయమే అది.

చూసిన్రా? రష్యా వాళ్లు తమ డూప్లికేట్‌ని కొలిచి, రాసి పెట్టుకున్నారు. అందుకే అది ఇయ్యాల మెనూలో పేరుతో ఉంది.

ఖర్చు సంగతి. మిస్టర్ నడిచే అసలు బోర్డు డీఈ10-నానో, చాలా ఖరీదు. దానికి కూడా చవక క్లోన్లు వచ్చేసినయి, క్లోన్‌ని పుట్టించే బోర్డుకే క్లోన్ అన్నమాట. ఇంకా తక్కువలో కావాలంటే సిపీడ్ కంపెనీ టాంగ్ నానో 20కే అనే చిన్న బోర్డు ఉంది, పాతిక ముప్పై డాలర్ల లెక్కలో దొరుకుతుంది. అందులో ఇరవై వేలకు పైగా ఆ పట్టికలు ఉన్నాయి. ఎన్ఈఎస్‌టాంగ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు దాని మీద నడిచి, హెచ్‌డీఎంఐలో బొమ్మ ఇస్తుంది.

ఈసీఈ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ప్రత్యేకంగా చెప్తున్నా. ల్యాబ్‌లో వెరిలాగ్ అంటే కౌంటర్, ట్రాఫిక్ లైట్ దగ్గర ఆగిపోతుంది. ఈ మిషన్ సైజు చూడండి. 6502లో సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు. ఒక మనిషి మొత్తం తలలో పెట్టుకోగలిగిన కంప్యూటర్ ఇది. బోర్డు కొనక ముందే ల్యాప్‌టాప్‌లో వెరిలేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిపి చూడొచ్చు. నెస్‌టెస్ట్ అనే టెస్ట్ ప్రోగ్రాం ఉంది, మీ సీపీయూ ప్రతి అడుగులో ఏం చేయాల్నో దాని లాగ్ చెప్తుంది. ఎక్కడ తేడా వస్తే అక్కడే మీ బగ్. ఎఫ్‌పీజీఏలు కనిపెట్టిన జైలింక్స్ కంపెనీకి హైదరాబాద్‌లో పెద్ద ఇంజనీరింగ్ సెంటర్ ఉంది, ఇప్పుడది ఏఎండీది. మన ఊరి నుంచి ఆ ఉద్యోగం రెండు గంటల దూరం. ఇంటర్వ్యూలో ట్రాఫిక్ లైట్ కన్నా "నేను లిటిల్ మాస్టర్ చేసిన" అన్న మాట గట్టిగా వినపడుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. మన దేశంలో చిప్పు లేఅవుట్‌కు రక్షణ 2000 సంవత్సరం చట్టం కింద పదేండ్లే. పేటెంట్ అయితే ఇరవై ఏండ్లు. 1983 మిషన్‌కు ఆ గడువులు దాటిపోయినయి. గేమ్ అట్ల కాదు. కంప్యూటర్ ప్రోగ్రాంకు కాపీరైట్ ఉంటుంది, మారియో ఇంకా నింటెండో సొత్తే. కాబట్టి గేమ్ ఫైళ్లు పంపమని నన్ను అడగొద్దు. ఈ మిషన్ కోసం ఇప్పటికీ కొత్త గేములు రాస్తున్నారు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ అనే గేమ్ మొత్తం 40 కిలోబైట్లే. పైసలు పెట్టి కొనుక్కొని దర్జాగా ఆడొచ్చు.

ఇగ మీరు చేయాల్సిన పని. ఇంట్లో, మేనత్త వాళ్లింట్లో, పాత టీవీ రిపేర్ షాపులో ఆ డబ్బా దొరికితే పారేయకండి. అడాప్టర్ తీసేసి, స్క్రూలు విప్పి, ఫోన్‌తో ఫొటోలు తీయండి. డబ్బా, లేబుల్, బోర్డు ముందు, బోర్డు వెనక. ఐదో ఫొటో ముఖ్యం, క్రిస్టల్. చిన్న వెండి రంగు డబ్బీ లెక్క ఉంటుంది, పైన నంబరు ఉంటుంది. 26.6 అని మొదలైతే పాల్ మిషన్. 21.47 అయితే జపాన్-అమెరికా పద్ధతి. మన దగ్గరికి ఏవి ఎన్ని వచ్చినయో తెలవాలంటే ఆ ఒక్క నంబరు చాలు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి, పాత డబ్బా టీవీని మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసినా అందులో హై వోల్టేజ్ నిలిచి ఉంటుంది. అడాప్టర్ కూడా ప్లస్ మైనస్ చూసుకోకుండా గుచ్చొద్దు.

నల్ల బొట్టు ఉన్నా సరే, ఫొటో తీయండి. చిప్పు చచ్చిపోయినా, బోర్డు మీద వైర్ల దారి చాలా చెప్తుంది. ఇంకా బతికి ఉన్న డబ్బా అయితే సౌండ్ రికార్డ్ చేయండి, గేమ్ మొదటి నిమిషం వీడియో తీయండి. రేపు ఎవరో ఒకరు, మీరే కావచ్చు, దాన్ని వెరిలాగ్‌లో రాస్తారు. ఆ రోజు మెనూలో నాలుగో పేరు పెట్టాలంటే సాక్ష్యం కావాలె కదా.

వచ్చే ఎపిసోడ్‌లో టాంగ్ నానో బోర్డు ముందు పెట్టుకొని, ఆ 50 గీతలు కోడ్‌లో ఎక్కడ ఉంటాయో లైన్ లైన్ చూద్దాం. అప్పటిదాకా అటక మీద ఒక చూపు వేయండి. ఉంటా మరి.