సెట్టింగ్స్ టేబుల్‌లో ఒక్క మాట: ఒంటిమిట్ట లాడ్జి కథ

ఈరోజు టాపిక్, వెబ్‌సైట్ సెట్టింగ్స్‌ని డేటాబేస్‌లో ఎలా దాచాలి, ఎలా మార్చాలి. చిన్న విషయమే కదా అని తేలిగ్గా తీసుకుని నేను మా మామ చేత తిట్లు తిన్నా. ముందు ఆ కథ చెప్తా.

మా మామకు ఒంటిమిట్టలో ఎనిమిది రూముల లాడ్జి ఉంది. బుకింగ్ సైట్ నేనే చేసిచ్చా. భద్రాచలంలో సీతారాముల కల్యాణం నవమి రోజు పగలు జరుగుతుంది. మా కోదండరామాలయంలో మాత్రం నవమి అయ్యాక, పున్నమి వెన్నెల్లో రాత్రిపూట. 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో చేస్తున్నారు. జనం బాగా వస్తారు, రాత్రికి రూమ్ కావాలంటారు.

ఒక ఏడాది కల్యాణానికి ముందు మామ ఫోన్ చేసి, "రూములన్నీ ఫోన్ల మీదే అయిపోయినాయి, సైట్ ఆపెయ్ అబ్బీ" అన్నాడు. నేను బెంగళూరులో కూర్చుని డేటాబేస్ తెరిచి, 'బుకింగ్ ఓపెన్' ఎదురుగా ఉన్న 'ట్రూ' తీసేసి 'ఫాల్స్' అని టైప్ చేశా. అయిపోయిందనుకున్నా.

కల్యాణం రోజు సాయంత్రం మళ్లీ ఫోన్. "ఆపేసినా అంటివి కదరా! మూడు కుటుంబాలు బ్యాగులు పట్టుకుని నిలబడినాయి. చంటిబిడ్డ గూడా ఉంది. ఏం చెప్పేది నేను?"

డబ్బు వాపసిచ్చి, మా మిద్దె మీద పడకలు వేయించాడు.

తప్పెక్కడ? నా టేబుల్‌లో రెండే కాలమ్స్: కీ, వాల్యూ. వాల్యూ అంతా టెక్స్ట్. జావాస్క్రిప్ట్, పైథాన్, పీహెచ్‌పీ, ఏదైనా సరే, 'ఫాల్స్' అనే టెక్స్ట్ ఖాళీ కాదు కాబట్టి ట్రూ కిందే లెక్క. సైట్ ఆన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ తప్పు బయటపడలేదు. ఆఫ్ చేసి నేనెప్పుడూ చూడలేదు మరి!

ఇప్పుడు ఎలా మార్చానో చూడండి.

ఒకటి, 'టైప్' అని ఇంకో కాలమ్ పెట్టా. అవును-కాదా, నంబరా, టెక్స్టా అని. చదివేటప్పుడు కోడ్ దాన్ని బట్టి మారుస్తుంది. తేడా వాల్యూ ఇస్తే సేవ్ కానివ్వదు.

రెండు, కీ మీద యూనిక్ ఇండెక్స్. వర్డ్‌ప్రెస్ ఆప్షన్స్ టేబుల్‌లోనూ పేరు యూనిక్కే. అప్పుడు అప్‌సర్ట్ వాడొచ్చు: వరుస ఉంటే మారుస్తుంది, లేకపోతే చేరుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్, మైఎస్‌క్యూఎల్‌లో ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్.

మూడు, సెట్టింగ్స్‌ని క్యాష్‌లో పెడితే, సేవ్ చేయగానే ఆ క్యాష్ తీసెయ్యాలి. లేదంటే టేబుల్ ఒకటి చెప్తుంది, సైట్ ఇంకోటి చూపిస్తుంది.

నాలుగు, ఎవరు, ఎప్పుడు, దేన్నుంచి దేనికి మార్చారో వేరే టేబుల్‌లో రాసుకోవాలి.

ఒక జాగ్రత్త: డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ కీలు ఈ టేబుల్‌లో పెట్టొద్దు. వాటి చోటు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్.

ఇప్పుడు మామ ఫోన్‌లోనే ఒక బటన్ ఉంది. తనే నొక్కి, వెంటనే సైట్ తెరిచి 'రూములు లేవు' అని వచ్చిందో లేదో చూసుకుంటాడు. నేను చెయ్యని పని అదే.

మీ ప్రాజెక్ట్‌లో కూడా ఈరోజే ఒక సెట్టింగ్ ఆఫ్ చేసి చూడండి. ఏమైందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!