ఒంటి మీది కాయ: ఏది సాధువు, ఏది ప్రమాదం?

(జంషెడ్‌పూర్ తెలుగు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒంటి మీద కాయ లేచినంత మాత్రాన పని మాని ఆసుపత్రికి పోయే అలవాటు మనకు లేదు. కాయలలో అధికభాగం నిరపాయమైనవే కనుక ఆ నిబ్బరం చాలావరకు చెల్లుతుంది. అది చెల్లని సందర్భాలేవో తెలుసుకోవడమే నేటి విషయం.

వేలితో నొక్కితే మెత్తగా పక్కకు జరిగే కొవ్వుగడ్డ, నడుమ నల్లని చుక్కతో వీపు మీద లేచే తిత్తి, ఏళ్ల తరబడి మార్పు లేని పుట్టుమచ్చ సాధారణంగా హాని చేయవు. కాలి మీద గట్టిగా, గోధుమరంగులో ఉండే చిన్న కాయను రెండువైపులా ఒత్తినప్పుడు నడుమ గుంట పడితే అదీ చాలావరకు సాధువే.

అయితే ప్రమాదం కూడా ఈ వేషంలోనే వస్తుంది. నెల దాటినా మానని పుండు, అంచులు గట్టిపడి తాకితే నెత్తురు కారే కాయ, వారాలలో పెరిగే గడ్డ, రంగో ఆకారమో మారే మచ్చ ఉపేక్షించదగినవి కావు. నల్లమచ్చ క్యాన్సర్ మన దేశంలో అరుదే; కాని వచ్చినప్పుడు తరచు అరికాలిలోనో, గోటి కిందనో వస్తుంది. దానిని బూటు ఒరిపిడి అని తోసివేయరాదు. కొలిమి వద్ద కాలిన పాత మచ్చలో ఏళ్ల తరువాత పుండు పుడితే అదీ పరీక్షించవలసినదే.

ఉక్కు నగరంలో ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెప్పవలసి వచ్చింది? 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్, పొగగొట్టాలు ఊడ్చేవారి వృషణాల చర్మానికి వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని గుర్తించాడు. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించి చూపారు. బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వెలువడేది ఆ తారే. తారు, పిచ్, ఖనిజనూనెల వల్ల కలిగే చర్మ క్యాన్సర్ 1923 నాటి పరిహార చట్టపు వృత్తివ్యాధుల షెడ్యూలుకు ఎక్కింది. తారు పనివారి చేతుల మీద, ముఖం మీద లేచే పులిపిరి వంటి కాయ కొన్నిసార్లు క్యాన్సర్‌గా మారుతుంది. పని విడిచిన ఎన్నో ఏళ్లకు కూడా అది బయటపడవచ్చు. కనుక రిటైరైనవారు తమకు సంబంధం లేదనుకోరాదు.

మా మనవి ఇది. కాయకు వెంట్రుక కట్టి తెంపవద్దు, సున్నం పెట్టి కాల్చవద్దు. పైపొర పోయి వేరు మిగిలితే వ్యాధి లోపలే పెరుగుతుంది. అనుమానం ఉన్నప్పుడు కంటిచూపు చాలదు, ముక్క తీసి పరీక్షించాలి. ఈ నగరంలోనే 1975 నుంచి మెహర్‌బాయి టాటా పేరిట క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. వైద్యుడు అడగకపోయినా ఏ విభాగంలో, ఎన్నేళ్లు, ఏ పదార్థంతో పనిచేశారో చెప్పి చీటీలో వ్రాయించుకోండి. రేపు పరిహారం కోరవలసివస్తే ఆ ఒక్క వాక్యమే సాక్ష్యమవుతుంది. నూనె గుడ్డను జేబులో ఉంచుకోవద్దు. పని కాగానే సబ్బుతో కడుక్కోండి.

స్నానపు వసతి, శుభ్రమైన పని దుస్తులు, ఏటా చర్మ పరీక్ష యాజమాన్యాలు దయతో ఇచ్చేవి కావు, మన హక్కులు. కాంట్రాక్టు కార్మికునికి కూడా ఇవి దక్కేవరకు సంఘం ఈ కోర్కెను విడువరాదు.