వలిసె పూల చెంత



గౌతమీ తీరాన పుట్టి పెరిగిన కనకాలపేట బాలలకు కొండ అనేది పాఠ్యపుస్తకంలోని బొమ్మ మాత్రమే. సమతలమైన నేల, నిండుగా నీరు, కొబ్బరిచెట్లు – ఇదే వారెరిగిన లోకం. అట్టి బాలలు విజ్ఞానయాత్రకై అరకులోయకు వెళ్ళినపుడు జరిగిన ఒక చిన్న సంఘటన ఈ ప్లాటినం జూబిలీ వేళ స్మరింపదగినది.

రైలు అనంతగిరి కొండల నెక్కుతూ సొరంగం వెంట సొరంగం దాటుతుంటే పిల్లలు లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టారు. 1960వ దశకంలో ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చటానికి వేసిన మార్గమది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో వారు మొదట దర్శించినది పద్మాపురం ఉద్యానవనం. రెండవ ప్రపంచయుద్ధ కాలాన, 1942లో, సైనికులకు కూరగాయలు పండించి పంపటానికి వెలసిన తోట అది. నేడు అక్కడ గులాబీలు, ఋతువుకు తగిన పూలు కనువిందు చేస్తున్నాయి. "యుద్ధం కోసం వేసిన తోట పూలతోట అయిందే!" అని ఒక బాలిక ఆశ్చర్యపడింది. పూలు కోయరాదన్న పలకను చూచి పిల్లలందరూ చేతులు కట్టుకొని నడిచారు.

ఉద్యానం దాటి వెలుపలికి రాగానే కొండవాలంతా పసుపు ఆరబోసినట్లు వలిసె పూలు! నవంబరు, డిసెంబరు మాసాలలో అరకుకు ఆ శోభ తెచ్చేది గిరిజనుల నూనెగింజల పంట. ఇథియోపియా కొండసీమలు దాని పుట్టినిల్లు. తేనెటీగలు పువ్వు నుండి పువ్వుకు పుప్పొడి చేరవేస్తేనే అది చక్కగా గింజ కడుతుంది.

అక్కడ కంచె లేదు, పలక లేదు. ఫొటో కోసం ఒక విద్యార్థి చేనులోకి దిగాడు. గట్టుపై నున్న రైతు మహిళ కేక వేయలేదు. దగ్గరకు వచ్చి, వంగిన మొక్కను చూపి, "తొక్కిన మొక్కకు గింజ రాదు బాబూ" అన్నది. ఆ బాలుడు సిగ్గుపడి, "తప్పయిందమ్మా" అంటూ మొక్కలను నిలబెట్టబోయాడు. కొన్ని నిలిచాయి, కొన్ని నిలువలేదు. పొట్ట మీదున్న వరిచేలో పరులు దిగితే గోదావరి రైతు గుండె ఎట్లుండునో అతడెరుగును. పిమ్మట వచ్చిన యాత్రికులను గట్టు మీదనే ఆపినవాడు అతడే.

ఇప్పుడు అరకులో కొందరు రైతులు పొలంలో ఫొటోలు తీసుకొనేవారి నుండి కొద్దిపాటి రుసుము తీసుకొంటున్నారు. అది న్యాయమే. కాని విరిగిన మొక్క రుసుముతో నిలువదు.

పలక ఉన్నచోట చేతులు కట్టుకొనటం క్రమశిక్షణ. పలక లేనిచోట తనంత తానే ఆగటం సంస్కారం. మొదటిది పాఠశాల నేర్పగలదు. రెండవది నేర్పటానికి పాఠశాలతోపాటు ఇల్లు కూడా పూనుకోవాలి. బిడ్డలను పూలు చూడటానికి తీసుకొని వెళ్ళే తల్లిదండ్రులు, ఆ పూలు ఎవరి చెమటతో పూచినవో కూడా వారికి చెప్పెదరు గాక!