పాతకారు - అమ్మకందారు మౌనం

పూర్వం గుర్రాన్ని కొనదలచినవాడు దాని పళ్లు చూచేవాడు, సుడులు చూచేవాడు, నాలుగడుగులు నడిపించి మరీ చూచేవాడు. ఈనాడు గుర్రపు స్థానంలోకి కారు వచ్చినది. కారుకు పళ్లూ లేవు, సుడులూ లేవు. రంగు మాత్రం ఉన్నది. ఆ రంగు క్రింద ఏమున్నదో కొనేవానికి తెలియదు. అమ్మేవానికి తెలిసినా చెప్పడు. అట్లా చెప్పకపోవటం మోసమా, కాదా? ఇదే ఈనాటి ప్రసంగ విషయం.

మా బావగారు ఉపాధ్యాయులు. కృష్ణా జిల్లాలో ఒక గ్రామంలో ఉంటారు. నాలుగేళ్లు నడిచిన కారు నొకదానిని విజయవాడలో ఒక పాతకార్ల వ్యాపారి వద్ద 4,20,000 రూపాయలకు కొన్నారు. కొత్త సీటుకవర్లు, అద్దంలాగా మెరిసే రంగు. మూడవ నెలలో ముందు ఎడమటైరు ఒక ప్రక్కనే అరిగిపోయినది. చక్రాల అలైన్‌మెంటు రెండుసార్లు సరిచేయించినా బండి ఎడమకే లాగుతున్నది. చివరకు షెడ్డులో మెకానిక్కు కారును పైకెత్తి చూపించినాడు. ముందుభాగాన ఛాసీ ఉక్కుదూలం ఎప్పుడో పెద్ద దెబ్బకు వంగినది. దానిని లాగి, సుత్తితో సరిచేసి, పైన నల్లరంగు పూసినారు. పైన పటారం, లోన లొటారం.

ఇది కేవలం డబ్బుకు సంబంధించిన నష్టం కాదు. కారు ముందుభాగాన్ని, ఢీకొన్నప్పుడు తాను నలిగి ఆ దెబ్బను తానే మ్రింగేటట్లు నిర్మిస్తారు. లోపలివారి ప్రాణం దక్కటానికే ఆ ఏర్పాటు. ఒకసారి నలిగి, సుత్తిదెబ్బలతో చక్కబడిన ఇనుము రెండవసారి అదే విధంగా కాపాడుతుందని నమ్మటానికి వీలులేదు. ఆ కారులో మా బావగారు ప్రతిదినమూ ఇద్దరు పిల్లలను బడికి తీసుకొని వెళ్లేవారు.

వ్యాపారిని అడిగితే, “చూచుకొనే తీసుకొన్నారు గదా, మాస్టారూ!” అన్నాడు.

చట్టం ఈ మాటకు ఏమి సమాధానం చెపుతున్నదో చూద్దాం. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 17వ సెక్షన్ మోసమంటే ఏమిటో నిర్వచిస్తున్నది. తనకు తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపుచ్చటం మోసమే. కాని కేవలం మౌనంగా ఉండటం సాధారణంగా మోసం కాదు. దీనిని వివరించటానికి చట్టకర్తలు ఇచ్చిన ఉదాహరణ గుర్రమే. గుర్రంలో లోపమున్నదని తెలిసికూడా వేలంలో అమ్మేవాడు ఏమీ చెప్పకపోతే అది మోసం కాదు. కాని కొనేవాడు, “నీవు కాదనకపోతే ఈ గుర్రం మంచిదనే అనుకుంటాను” అని అన్న తరువాత అమ్మేవాడు మాట్లాడకుండా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం.

శ్రోతలు గమనించవలసిన సూక్ష్మమంతా ఇక్కడే ఉన్నది. కొనేవాని ప్రశ్నయే అమ్మేవాని మౌనానికి అర్థం కల్పిస్తున్నది. అడగకుండా మోసపోయినవానికంటె అడిగి మోసపోయినవానికి చట్టంలో బలం ఎక్కువ.

మా బావగారు అదృష్టవశాన అడిగినారు. బేరం కుదిరే ముందు వాట్సాప్‌లో, “ఈ బండికి ప్రమాదం ఏమైనా జరిగిందా?” అని వ్రాసినారు. “ఏమీ లేదు సార్, ఫస్టుక్లాసు బండి” అని జవాబు వచ్చినది. ఆ ఒక్క పంక్తే తరువాత ఆయనకు ఆధారమైనది.

వినియోగదారుల రక్షణకు 1986లో ఒక చట్టం వచ్చినది. దాని స్థానంలో 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చినది. చెల్లించిన వెల 50 లక్షల రూపాయలకు మించకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల వరకు రుసుము లేదు. అమ్మకందారు ఉన్న చోటికే పోనవసరం లేదు. ఫిర్యాదీ తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. వివాదానికి కారణం ఏర్పడిన నాటినుండి రెండు సంవత్సరాలలోగా చేయవలెను. సందేహాలకు 1915 అనే టెలిఫోను నంబరు ఉన్నది. అయితే ఈ మార్గం వ్యాపారంగా అమ్మేవారిమీద మాత్రమే చక్కగా సాగుతుంది. ఇంటిముందున్న తన కారును అమ్ముకొన్న గృహస్థుతో తగవు వస్తే సాధారణంగా సివిల్ కోర్టే దిక్కు.

మా బావగారు మెకానిక్కు వ్రాసి యిచ్చిన నివేదికను, ఫొటోలను, ఆ వాట్సాప్ సంభాషణను జతపరచి మచిలీపట్నంలో ఫిర్యాదు చేసినారు. మధ్యవర్తి సమక్షంలో వ్యాపారి దిగివచ్చి, వాడుక క్రింద కొంత మినహాయించుకొని, కారు తీసుకొని సొమ్ము తిరిగి యిచ్చినాడు. ఇందుకు తొమ్మిది నెలలు పట్టినది. చట్టం చెప్పే గడువు, పరీక్ష అవసరం లేని వ్యవహారాలలో మూడు నెలలు, అవసరమైనవాటిలో ఐదు నెలలు. అందుచేత తగవు గెలవటంకంటె తగవు రాకుండా చూచుకొనటం మేలు.

అందుకు కొన్ని జాగ్రత్తలు చెపుతాను. కారును పగటివెలుతురులో చూడవలెను. బానెట్టుకు, డిక్కీకి ఇరుప్రక్కల సందులు సమానంగా ఉన్నవా? బానెట్టు బోల్టుల మీద రంగు చెదిరినదా? చిన్న అయస్కాంతాన్ని మెత్తని గుడ్డలో చుట్టి ఉక్కురేకు వెంట జరిపితే, లప్పం దట్టంగా పెట్టిన చోట అది పట్టు వదలుతుంది. తాళం త్రిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరిపోవలెను. అసలు వెలగనే వెలగకపోతే అనుమానించవలెను. ఇన్సూరెన్సు పాలసీలో క్లెయిము లేనందుకిచ్చే బోనస్ ఎంతో చూడవలెను. ఒక ఏడాదికి 20 శాతం, వరుసగా ఐదేళ్లకు 50 శాతం వరకు అది పెరుగుతుంది. నాలుగేళ్ల కారుకు బోనస్ సున్న అయితే కారణం అడుగవలెను. వీటన్నిటికంటె మంచిది, మనకు నమ్మకమైన మెకానిక్కుచేత కారును పైకెత్తించి చూపించటం. ఆ కొద్దిపాటి కూలికి వెనుకాడరాదు. మామూలు శ్రద్ధతో కనిపెట్టగలిగిన లోపాన్ని చూడనివానికి, అమ్మకందారు మౌనాన్ని తప్పుపట్టే హక్కు చట్టంలో సన్నగిల్లుతుంది.

ఇక చివరిది. “ఈ వాహనానికి పెద్ద ప్రమాదం జరుగలేదు, ఛాసీకి మరమ్మతు చేయలేదు” అనే రెండు ముక్కలు రసీదు మీదనే వ్రాయించి సంతకం పెట్టించుకొనండి. నిజాయితీగల వ్యాపారి వెంటనే వ్రాసి యిస్తాడు. కలము తీయటానికి సంకోచించే వ్యాపారి ఉంటే, ఆ సంకోచమే మీ ప్రశ్నకు సమాధానం. డబ్బు మీ జేబులో ఉండగానే ఆ సమాధానం దొరికినందుకు సంతోషించి, ఇంటికి తిరిగి రండి.