పద్దుకు రెండు ప్రక్కలు

గోదావరి డెల్టాలో వ్యాపారంతో సంబంధం లేని ఇల్లు అరుదు. సేద్యం చేసేవారు సైతం ధాన్యం అమ్ముతారు, ఎరువులు అరువు తెస్తారు, కొబ్బరి దింపునకు ముందుగా బయానా పుచ్చుకొంటారు. ఇచ్చిపుచ్చుకోవడం నిత్యమూ జరుగుతున్నదే. జరిగినదానిని వెంటనే వ్రాసి ఉంచే అలవాటు మాత్రం అందరికీ లేదు. "అంతా జ్ఞాపకమే" అంటారు. కాని మనిషి జ్ఞాపకం, తనకు రావలసినదానిని దాచినంత భద్రంగా తాను ఇవ్వవలసినదానిని దాచదు. తగవులు అక్కడనే పుడతవి.

లెక్కల పుస్తకంలోకి ఎక్కదగిన వ్యవహారం ఏది? రేపటి దింపు మీకే ఇస్తానని రైతు మాట ఇచ్చినంతమాత్రాన పద్దు పడదు. బయానాగా వెయ్యి రూపాయలు చేతులు మారితే పద్దు పడుతుంది. రొక్కం ఒక్క రూపాయి ముట్టకపోయినా, కాయలు వర్తకుని బండి ఎక్కితే పద్దు పడుతుంది. అనగా, డబ్బుతో కొలవదగిన విలువ ఒకచోటి నుండి మరొకచోటికి కదలవలెను; లేదా ఒకరికి రావలసినదీ, మరొకరు ఇవ్వవలసినదీ ఏర్పడవలెను.

ఇట్లు కదిలిన ప్రతి విలువకు రెండు ప్రక్కలు ఉంటవి. ఒకచోటికి వచ్చినది మరొకచోటి నుండి వచ్చినదే గదా! ఈ రెండింటినీ వ్రాయడమే జంట పద్దు విధానం. 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పచోలీ అనే క్రైస్తవ సన్యాసి దీనిని వివరించాడు. ఆయన దీనిని కల్పించలేదు. అక్కడి వర్తకులు అప్పటికే పాటిస్తున్న పద్ధతినే క్రమంగా వ్రాసి పెట్టాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి పేరుపొందిన ఊరు. అక్కడ ఒక వర్తకుడు లక్ష రూపాయల సొంత సొమ్ముతో కొట్టు తెరిచాడనుకొందాం. లెక్కకు సులువైన అంకెలే తీసుకొందాం. కాయ పది రూపాయల చొప్పున ఒక రైతు వద్ద 5,000 కాయలు కొన్నాడు. వెల 50,000 రూపాయలు. అందులో 30,000 రొక్కం ఇచ్చి, తక్కిన 20,000 తరువాత ఇస్తానన్నాడు. ఒలుపు కూలికి, బండి కిరాయికి 5,000 అయినవి. సరుకంతా పొరుగూరి వర్తకునికి 70,000 రూపాయలకు అమ్మాడు. ఆయన 25,000 ఇచ్చి, 45,000 బాకీ ఉంచాడు.

సాయంత్రం పెట్టె తెరిస్తే 90,000 రూపాయలున్నవి. లక్షతో మొదలుపెట్టినవాడు పదివేలు పోగొట్టుకొన్నానని దిగులుపడవచ్చును. కాని అమ్మిన వెల 70,000లో నుండి కొన్న వెల, ఖర్చులు కలిపి 55,000 తీసివేస్తే 15,000 లాభమే. పెట్టెలోని 90,000కు రావలసిన 45,000 కలిపి, రైతుకు ఇవ్వవలసిన 20,000 తీసివేసి చూడండి. 1,15,000 తేలుతుంది.

ఇప్పుడు మరొక విధంగా ఆలోచించండి. పొరుగూరి వర్తకుడు మొత్తం 70,000 రూపాయలూ చెల్లించాడు. మనవాడు రైతు బాకీ ఇంకా తీర్చలేదు. పెట్టెలో 1,35,000 ఉంటవి. ముప్పది అయిదు వేలు కలిసివచ్చినదని మురిసి, ఆ డబ్బు ఇంట్లో శుభకార్యానికి వాడుకొంటే ఏమవుతుంది? అందులో 20,000 రైతు సొమ్ము. లాభం వచ్చిన వ్యాపారం కూడ బాకీదారు గుమ్మం ఎక్కిననాడు చేతులు ఎత్తివేయడానికి కారణం ఇదే. పెట్టె నిజమే చెబుతుంది గాని, సగమే చెబుతుంది. తక్కిన సగం పుస్తకం చెప్పవలెను.

ఆ పుస్తకం ఎట్లుండవలెను? ఏ రోజు వ్యవహారం ఆ రోజే చిట్టాలో వ్రాస్తారు. అక్కడినుండి ఆవర్జాలో ఎవరి ఖాతాకు వారి పద్దు ఎక్కిస్తారు. వచ్చిన విలువ ఎడమ ప్రక్క డెబిట్. అది ఎక్కడినుండి వచ్చినదో కుడి ప్రక్క క్రెడిట్. పై మొదటి లెక్కలో రొక్కం 90,000, కొనుగోలు 50,000, ఖర్చులు 5,000, పొరుగూరి బాకీ 45,000 ఎడమ ప్రక్క. మూలధనం లక్ష, రైతు బాకీ 20,000, అమ్మకం 70,000 కుడి ప్రక్క. రెండు ప్రక్కలా 1,90,000 తేలుతుంది. ఈ సరిచూపు పట్టికనే అంకణా అంటారు. అయితే అంకణా కుదిరినంతమాత్రాన లెక్క సరియని నమ్మరాదు. వ్రాయక వదిలివేసిన వ్యవహారం రెండు ప్రక్కలా ఉండదు. కనుక అంకణా దానిని పట్టుకొనలేదు.

అందువల్లనే రైతు ఇంట కూడ ఒక పుస్తకం ఉండవలెను. వర్తకుని పుస్తకంలో ఇవ్వవలసిన 20,000, రైతు పుస్తకంలో రావలసిన 20,000. ఒకే వ్యవహారానికి ఇవి రెండు ముఖాలు. బ్యాంకులో మనం వేసుకొన్న సొమ్ము మన ఆస్తి. బ్యాంకువారికి మాత్రం అది మనకు తీర్చవలసిన బాకీ. కనుకనే వారి పాసుపుస్తకంలో అది జమ ప్రక్కన కనబడుతుంది. ఎవరి పుస్తకం వారి ప్రక్కనుండి మాట్లాడుతుంది.

చట్టం కూడ ఈ సంగతి గుర్తించినది. క్రమంగా వ్రాసిన లెక్కల పుస్తకాన్ని న్యాయస్థానం పరిశీలనకు తీసుకొంటుంది గాని, కేవలం ఆ వ్రాత ఒక్కదానినే ఆధారం చేసుకొని ఒకరిపై బాకీ మోపరాదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడ అదే చెబుతున్నది. సరుకు వెల రాబట్టుకోవడానికి, గడువు ఏదీ నిర్ణయించుకొననప్పుడు, సరుకు అప్పగించిన నాటి నుండి మూడేళ్ళలోగా దావా వేయవలెను. ఆ లోపల బాకీ ఒప్పుకొంటూ బాకీదారు సంతకం చేసి వ్రాసి ఇస్తే, గడువు మరల మొదలవుతుంది. చిన్న చీటీకి ఇంత విలువ ఉన్నది.

పదహారణాల రూపాయి ఉన్న రోజులలో కూడికలే ఒక శ్రమ. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి ఆ శ్రమ తగ్గినది. ఇప్పుడు చెల్లింపులు చేతి ఫోనులోనే జరుగుతున్నవి. తేదీ, మొత్తం అందులో నిలిచి ఉంటవి. కాని ఆ సొమ్ము బయానాయో, పాత బాకీయో, చేబదులో సాధారణంగా ఫోను చెప్పదు. అరువు పోయిన సరుకు సంగతి దానికి అసలే తెలియదు. ఆ ఒక్క మాట మనమే వ్రాయవలెను.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. తేదీ, ఎవరితో, ఏ సరుకు, ఎంత వెల, ఎంత ముట్టినది, ఎంత నిలిచినది — ఈ ఆరు వ్రాస్తే చాలును. లెక్క అడగడం అనుమానించడం కాదు. ఇచ్చినవారూ పుచ్చుకొన్నవారూ నెలకొకసారి కూర్చుండి రెండు పుస్తకాలు సరిచూచుకొంటే, డబ్బుతో పాటు స్నేహం కూడ నిలుస్తుంది.