పరీక్షకుడా? ద్వారపాలకుడా?



పట్టణమున యంత్రములతో పొట్ట పోసికొనువాని మాటలు గ్రామములోని పెద్దల కెందుకని మీరు తలపవచ్చును. కాని నేడు పాలలెక్కయు, భూమి పత్రమును, పింఛను సొమ్మును యంత్రములు ఒకదానితో నొకటి చెప్పుకొను మాటలమీదనే నడచుచున్నవి. ఆ మాట తప్పినప్పుడు నష్టపడువాడు యంత్రము కాదు, రైతు. అందుచేత నాకు జరిగిన యొక సంగతిని మీకు విన్నవించెదను.

నేను సికింద్రాబాదులో మోండా మార్కెటు సమీపమున ఒక చిన్న కార్యాలయములో గ్రామసంఘములకు లెక్కల ప్రోగ్రాములు వ్రాయుచుందును. మెదకు వైపున ఒక పాలసంఘము మా లెక్కను వాడుచున్నది. కేంద్రమున పాలు కొలిచిన వెంటనే అక్కడి యంత్రము లీటర్లను, వెన్నశాతమును మా పుస్తకమునకు పంపును. ఇట్లు ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును నియమితమైన రీతిలో అడిగి బదులు పొందుటకై ఏర్పరచిన కిటికీని ఎ.పి.ఐ. అందురు. వెనుకటి తపాలాకచేరీలోని మనియార్డరు ఫారమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గడులన్నియు సరిగా నింపిననే గుమాస్తా అందుకొనును. వేరొక కాగితముమీద ఎంత వినయముగా వ్రాసినను చూడనైన చూడడు. ఎ.పి.ఐ. స్వభావము నట్టిదే.

ఒకనాడు ఆ సంఘపు పెద్ద, వరుసకు నాకు పెదనాయన, జూబిలీ బస్సు స్టేషనులో దిగి మా మెట్లెక్కి వచ్చెను. చేతిలో పదునొకండు చీటీలున్నవి. "బిడ్డా, ఈ ముసలమ్మ పొద్దున నాలుగు లీటర్లు, మాపున మూడు లీటర్లు పోసినది. మీ పుస్తకము మూడే యనుచున్నది. పదిదినములలో సొమ్ము పంచవలెను. ఊరిలో ఏమని చెప్పుదును?" అని అడిగెను.

ఆ వారముననే యొక వర్తకుడు మాకు గేట్‌వే అను సాధనమును అమ్మజూపుచుండెను. దానిని నిలిపినచో పొరపాట్లన్నియు వాకిటనే ఆగిపోవునని యాతని మాట. మా కార్యాలయపు కుర్రవాడొకడు మాత్రము, "ముందు పరీక్షాసాధనముతో అడిగి చూతమండీ" అనెను. కుర్రవాని మాట చిన్నదిగా తోచినది. వర్తకుని మాట పెద్దదిగా తోచినది. వర్తకుని మాటయే వింటిని. ఆరుదినములు దానిని నిలుపుటకే సరిపోయినవి.

గేట్‌వే చెడ్డదని నేననను. దాని పని యేమో మా జంటనగరముల అనుభవమే చెప్పగలదు. ఒకప్పుడు కరెంటు బిల్లునకు ఒకచోట, నీటిబిల్లునకు వేరొకచోట, ఇంటిపన్నునకు మరియొకచోట వరుసలో నిలువవలసి యుండెను. 1999లో ట్విన్స్ అను పేరున ఇచ్చట నొక ప్రయోగము మొదలై, 2001లో ఈ-సేవగా విస్తరించెను. ఒక్క కిటికీకడ అన్ని బిల్లులును చెల్లింపవచ్చునాయెను. 2011లో వచ్చిన మీ సేవ దాని తరువాతి మెట్టు. గేట్‌వే యనునది యట్టి కిటికీయే. వచ్చినవాడెవడో తాళపుసంకేతము చూచి గుర్తించును. ఏ శాఖకు పోవలెనో ఆ శాఖకు పంపును. అదేపనిగా వచ్చువానిని నిలుపును. ఎవరెప్పుడు వచ్చిరో వ్రాసిపెట్టును. ఫారము గడులు నిండినవా లేదా యనికూడ కొన్ని గేట్‌వేలు చూడగలవు. కాని కరెంటు శాఖవారు తప్పుడు బిల్లు పంపినచో ఈ-సేవ గుమాస్తా దానిని దిద్దగలడా? ఆ తప్పుడు మొత్తమునే మర్యాదగా పుచ్చుకొని రసీదు నిచ్చును.

మా గేట్‌వే యట్లే చేసెను. ప్రతి చీటీకి ఎదురుగ 200 అని వ్రాసి చూపెను. ఆ సంఖ్యకు "సరియే" యని యర్థము. ఏడవదినమున ముసలమ్మ లెక్క మరల మూడు లీటర్లే!

అప్పుడు కుర్రవానిని పిలిచితిని. వాడు తీసిన పరీక్షాసాధనము పోస్ట్‌మన్. 2012 ప్రాంతమున బెంగుళూరులో అభినవ్ ఆస్థానా అను యువకుడు తన పని సులువు చేసికొనుటకై మొదలుపెట్టిన దది. 2014లో ఆయన ఇరువురు మిత్రులతో కలసి దానికొక సంస్థను స్థాపించెను. నా చిన్ననాట సికింద్రాబాదు స్టేషనులో బండి ఆగగనే యొకడు పొడుగుపిడి సుత్తితో చక్రము వెంట చక్రమును తట్టుచు పోవుచుండెడివాడు. ధ్వని ఖణీలుమనిన ముందుకు సాగును. బొంగురుపోయిన వంగి చూచును. టిక్కెట్లతో వానికి పనిలేదు. పరీక్షాసాధనము ఆ సుత్తివంటిది. ఒక ప్రశ్నను మనచేతితో పంపి, వచ్చిన బదులును చెవియొగ్గి వినవలెను.

కుర్రవాడు ముసలమ్మ సంఖ్యతో ఉదయము నాలుగు లీటర్లు పంపెను, బదులు 200. సాయంకాలము మూడు లీటర్లు పంపెను, బదులు 200. మొత్తమెంత యని యడిగెను. మూడు! బొంగురుధ్వని యచ్చటనే దొరికినది. మా పుస్తకము సభ్యుని సంఖ్యను, తేదీని మాత్రమే గుర్తుగా పెట్టుకొని, పూటను విడిచినది. సాయంకాలపు లెక్క ఉదయపు లెక్కమీద కూర్చుండినది. రెండు పూటలు పోసినవారికే నష్టము. ఆ తప్పు వర్తకునిది కాదు, గేట్‌వేది కాదు, మా చేతివ్రాతయే. దిద్దుటకు ఒక గంట పట్టినది. పెదనాయన తెచ్చిన చీటీలతోను, కేంద్రమున మిగిలియున్న వానితోను పాతలెక్కను సవరించి గడువునకు రెండుదినముల ముందే పంపితిమి.

ఇన్సోమ్నియా అను మరియొక పరీక్షాసాధనమును గేట్‌వేలు చేయు కాంగ్ అను సంస్థవారు 2019లో కొనిరి. రెండు సరకులు నొకే యంగడిలో దొరకినప్పుడు రెండును నొకటేయని కొనువాడు భ్రమించుట వింత కాదు. నేను భ్రమించితిని గదా.

గేట్‌వేను మాత్రము తీసివేయలేదు. రెండు నెలల తరువాత ఒక వేకువజామున వేరొక కేంద్రపు యంత్రము పిచ్చిపట్టినట్లు ఒకే చీటీని ఎడతెగక పంపసాగెను. సుత్తివాడు ఆ వేళ నిద్రలో నుండెను. వాకిటివాడు మాత్రము నిమిషమునకు అరువది దాటగనే 429 అని, అనగా "మితిమీరి యడుగుచున్నా"వని చెప్పి దానిని నిలిపెను. తక్కిన కేంద్రములలో పాలడబ్బాల వరుస ఆగలేదు. కాని వాకిటివానిని పెట్టుకొనిన వానికి రాత్రింబవళ్లు కాపు తప్పదు. వాడు పడిపోయినచో ఇంటిలోనివా రెంత బాగుగానున్నను ఎవరును లోనికి రాలేరు. చిన్నసంఘమునకు ఒకే కేంద్రము, ఒకే యంత్రము ఉన్నప్పుడు ఈ బరువు అనవసరమని నా అభిప్రాయము.

మొన్న పెదనాయన మరల వచ్చెను. "మీ వాకిటివాడు ఇప్పుడైనను లెక్క సరిచూచునా?" అని యడిగెను.

"చూడడు, పెదనాయనా."

"మరి సుత్తివాడు?"

"మేము లెక్కలో ఏ మార్పు చేసినను, ఆ పదునొకండు చీటీలను మరల పంపి చూచును. ఒక్కటి తప్పినను మార్పును విడుదల చేయము."

ఆయన కొంతసేపు ఊరకుండి, అంగీ జేబునుండి మడతపెట్టిన చీటీ నొకదానిని తీసెను. అది ఆయన సొంత గేదె పాలచీటీ, రెండు పూటలది. "దీనినికూడ అందులో చేర్చు, బిడ్డా" అనెను. ఇప్పుడవి పండ్రెండు.